వాళ్లది వేరేనట!

దసరా సెలవులకు మా బిడ్డ హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. ఇంటర్ చదువుతున్నది. వచ్చిన రాత్రి అన్నం తినుకుంట ఒక మాట చెప్పింది. ఆ మాటే ఈ నాలుగు ముక్కలు రాయిస్తున్నది.

వాళ్ల గదిలో ఆరుగురు పిల్లలు. అందులో ఒక పిల్లకు కొరియా సీరియళ్లంటే పిచ్చి. ఇంటికి పోయినప్పుడల్లా ఫోన్లో చూసి వస్తది, వచ్చి రాత్రిపూట కథలు చెప్తది. ఆ సీరియళ్లల్లో బల్ల నడుమ నిప్పు పెట్టుకొని, చుట్టూ కూచొని, మాంసం కాల్చుకొని తింటరట. "ఆ బుల్గోగి అనేది బతుకులో ఒక్కసారన్నా తినాలె" అన్నదట ఆ పిల్ల. మా బిడ్డ ఊకుండక, "అది ఎద్దు మాంసం గదనే" అన్నది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, "ఛీ, మనకాడి లాంటిది కాదు. వాళ్లది వేరే" అన్నది. అందరూ నవ్విన్రు. ఆ నవ్వులో ఇంకో పిల్ల అడిగింది, "అయితే మీ ఇంట్లో ఏం తింటరే?" అని.

"చికెన్" అన్నది మా బిడ్డ.

మాకు ముల్లు గుచ్చుకున్నది "వాళ్లది వేరే" అన్నకాడ కాదు. ఆ మాట అన్నది పదహారేళ్ల పిల్ల. ఇంట్లో విన్నదే అన్నది. ముల్లు గుచ్చుకున్నది "చికెన్" అన్నకాడ. ఏప్రిల్ 14 వస్తే మైకు పట్టుకొని ఆత్మగౌరవం అని గొంతు చించుకునేది మేమే గదా! మా కడుపున పుట్టిన బిడ్డ మా కంచంలో కూర పేరు చెప్పలేకపోయింది. ఈ అబద్ధం ఆమెకు ఎవరు నేర్పిన్రు?

మేమే నేర్పినం. దాచుకుంటే ఏం లాభం, ఒప్పుకుంటున్నం. ఉద్యోగం వచ్చిన కొత్తల టౌనులో కిరాయి ఇల్లు కోసం తిరిగినం. "మీరేంటోళ్లు?" అని అడిగేటోళ్లు కొందరు. "ఏం తింటరు?" అని అడిగేటోళ్లు కొందరు. రెండూ ఒకటే ప్రశ్న. చివరికి దొరికిన ఇంట్లో ఆదివారం నాడు కిటికీలు మూసి, అగరుబత్తి ముట్టించి, కుక్కర్ విజిల్ ఎక్కువ కూయకుండా చూసుకుంట వండుకున్నం. ఆ కిటికీ మూసినప్పుడు మా బిడ్డకు మూడేండ్లు. పాఠాలన్నీ నల్లబల్ల మీదనే రాయరు. మూసిన కిటికీ కూడా ఒక పాఠమే.

అందుకే మర్నాడు పొద్దున అనుకున్నం. ఆ కొరియా కూర ఏందో మనమే వండుదాం. కిటికీ తెరిచి వండుదాం. అది వేరేనో, మనదేనో, నాలుకే చెప్తది.

ఇరవై నిమిషాల కూర

ముందుగాల ఒక సంగతి. బుల్గోగి అంటే కొరియా భాషలో 'బుల్' నిప్పు, 'గోగి' మాంసం. నిప్పు మాంసం. అసలు బుల్గోగికి మాంసాన్ని కాగితమంత పలుచగా కోసి, సోయా సాసు, చక్కెర, వెల్లుల్లి, నువ్వుల నూనెలో నానబెట్టి కాలుస్తరు. అంత పలుచగా కోసుడు మన దుకాణంల అయ్యే పని కాదు. అదే రుచిని ఖీమాతో తొందరగా తెచ్చే పద్ధతి ఒకటున్నది. అమెరికాలో పనికిపోయి అలిసొచ్చిన ఇళ్లల్ల రాత్రి భోజనానికి బాగా అలవాటైన వంట అది. మేం చేసింది అదే.

మండల కేంద్రంల లైసెన్సు ఉన్న దుకాణంల అర్ధకిలో బర్రె ఖీమా కొట్టించుకొచ్చినం. (1977 నాటి చట్టం మన రెండు తెలుగు రాష్ట్రాల్ల ఆవునూ, దూడలనూ కోయరాదంటది. మిగతా పశువులకు కోతకు పనికొస్తుందన్న సర్టిఫికెట్ కావాలె. ఈ సంగతి మనోళ్లు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలె. తెలియకపోతే దారిల ఆపినోడు చెప్పిందే చట్టమైతది.)

సామాను ఇది. సోయా సాసు పావు కప్పు, కిరాణంలనే దొరుకుతది. దంచిన బెల్లం మూడు చెంచాలు. వెల్లుల్లి ఐదారు రెబ్బలు, బొటనవేలంత అల్లం, రెండూ సన్నగ తరిగినవి. కచ్చాపచ్చాగ దంచిన ఎండుమిర్చి ఒక చెంచా. ఉల్లికాడలు ఒక కట్ట. నువ్వులు రెండు చెంచాలు. నువ్వుల నూనె. అంతే. గరం మసాలా లేదు, ధనియాల పొడి లేదు, పసుపు లేదు. ఉప్పు కూడా వెయ్యొద్దు. సోయా సాసే ఉప్పు.

ముందు అన్నం పొయ్యి మీద పెట్టుకోవాలె. కొరియా వాళ్ల అన్నం కొంచెం జిగటగ ఉంటది. మన బియ్యమే ఒక గుక్కెడు నీళ్లెక్కువ పోసి మెత్తగ వండితే సరిపోతది. అన్నం ఉడికేలోపల కూర అయిపోతది.

నువ్వులను ఉత్త గిన్నెల దోరగ వేయించి పక్కకు పెట్టినం. ఇందుల ఒక కిటుకున్నది. వాళ్ల నువ్వుల నూనె వేయించిన నువ్వుల నుంచి తీస్తరు, వాసన గుమ్మంటది. మనది పచ్చి నువ్వులది. ఆ వాసన రాదు. అందుకని వేయించిన నువ్వులు దంచి చివర్ల చల్లుకుంటే ఆ లోటు తీరుతది. బెల్లం, సోయా సాసు, దంచిన మిర్చి ఒక గిన్నెల కలిపి పెట్టుకున్నం.

వెడల్పు బాణలి బాగ కాగినంక రెండు చెంచాల నూనె పోసి ఖీమా వేసినం. బర్రె మాంసంల కొవ్వు తక్కువ, నూనె పోయకపోతే అంటుకుంటది. మంట పెద్దగ ఉండాలె. మూత పెట్టొద్దు. మూత పెడితే నీళ్లూరి ఉడుకుతది గాని వేగదు. గరిటెతోని గడ్డలు చితక్కొట్టుకుంట కలిపితే, ఏడెనిమిది నిమిషాలల్ల నీళ్లు ఇగిరి ఎర్రగ వేగుతది. లోపల ఎక్కడా గులాబీ రంగు మిగలొద్దు. ముక్కల కూరకు పైన మాత్రమే అంటుకునే క్రిములు, ఖీమా కొట్టినప్పుడు అంతటా కలిసిపోతయి. అందుకే ఖీమా నిండా ఉడకాలె. అప్పుడు అల్లం వెల్లుల్లి వేసి ఒక నిమిషం, కలిపి పెట్టిన సాసు పోసి మూడు నిమిషాలు. బెల్లం పాకమై మాంసానికి పట్టుకుంటది, నల్లగ మెరుస్తది. దించి ఉల్లికాడలు, నువ్వులు చల్లినం. కీరదోసకాయ ముక్కలల్ల నిమ్మకాయ పిండి, కారం చల్లి పక్కన పెట్టినం.

గడియారం చూస్తే ఇరవై నిమిషాలు దాటలేదు.

ముక్కల కూరైతే ఎంత సేపు? బర్రె మాంసం ముక్క మెత్తబడాలంటే కుక్కర్ల కూడా అరగంట పైమాట, కట్టెల పొయ్యి మీదనైతే పూట గడుస్తది. మా అవ్వ నాట్లకు పోయొచ్చి, నడుం పట్టుకొని, పొగల కూచొని ఊదుడు గొట్టంతోని ఊదుకుంట వండేది. మేం ఆకలి ఆకలి అని ఏడ్చేది. ఖీమా కొట్టినప్పుడే మాంసంలోని పీచు తెగిపోతది, అందుకే తొందరగ ఉడుకుతది. కూలికి పోయొచ్చే ఆడోళ్లకు ఈ సంగతి ఆత్మగౌరవ ఉపన్యాసం కన్నా ఎక్కువ పనికొస్తది. ఇంకో మాట కూడా చెప్పాలె. ఇన్నేండ్ల సంసారంల మా ఇంట్ల గరిటె పట్టింది మా ఇంటామె. బయట సమానత్వం గురించి మాట్లాడి ఇంట్ల కంచం ముందర కూచునే అన్నలారా, ఇరవై నిమిషాల వంట మగోనికి రాదనేందుకు సాకు లేదు. ఆ రోజు వండింది మేము. తిన్నంక గిన్నెలు కూడా మేమే తోమినం.

రుచి? తియ్యగ, కారంగ, ఉప్పగ, వెల్లుల్లి వాసనతోని ఉన్నది. మా అవ్వ రెండు ముద్దలు తిని, "కూరల బెల్లమేందిరా, కానీ పెద్దకూర పెద్దకూరే" అన్నది. అవ్వ తేల్చేసింది. అది వేరే కాదు.

వాళ్లు ఎట్ల తింటున్నరు?

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కొరియాల మాంసం కోసినోళ్లు ఎవరు? సీరియళ్లు చూసే పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు. మనమన్నా చెప్పుకోవాలె.

కొరియాల కూడా వెలివాడలుండేవి. అక్కడ వాళ్ల పేరు పెక్‌జోంగ్. పశువులు కోసేది వాళ్లు, తోలు పని చేసేది వాళ్లు, బుట్టలల్లేది వాళ్లు. ఊరి బయట బతకాలె. పట్టుబట్ట కట్టొద్దు. పెద్దమనుషులు పెట్టుకునే టోపీ పెట్టుకోవద్దు. మామూలోళ్ల పిల్లగాడు ఎదురైనా వంగి మర్యాదగ మాట్లాడాలె. వాళ్లు కోసిన మాంసం దొరల బల్ల మీదికి పోయేది. వాళ్లు మాత్రం దొరల గడప తొక్కొద్దు. ఇది మనకు కొత్త కథా? చెప్పు చేతుల పట్టుకొని దొర గడి ముందర నడిచిన మన తాతల కథ కాదా?

ఇంకో ముచ్చట వినున్రి. 1423ల కొరియా రాజు సెజోంగ్, ఈ జనాన్ని పాత తిట్టు పేర్లతోని పిలవొద్దు, మామూలు ప్రజలను పిలిచే 'పెక్‌జోంగ్' అనే పేరుతోనే పిలవాలె అని ఆజ్ఞ వేసిండు. ఏమైంది? జనం బతుకు మారలేదు. పేరే తిట్టయి కూచున్నది. మామూలోళ్లు ఆ పేరు వదిలేసుకున్నరు. మనకు 'హరిజన' అని పేరు పెట్టినప్పుడు ఏమైందో యాదికి తెచ్చుకోండి. పేరు మార్చి పళ్లెం మార్చకపోతే జరిగేది అదే.

1894ల కొరియా సర్కారు కాయితం మీద ఈ తేడాలన్నీ రద్దు చేసింది. కాయితం మీద! మనకు 1950 రాజ్యాంగంల 17వ అధికరణం వచ్చినట్టే. ఆ తర్వాత కూడా బడిల వాళ్ల పిల్లలను చేర్చుకోలేదు. అప్పటికి కొరియా జపాన్ వాడి పాలన కింద ఉన్నది. జింజు అనే టౌనుల ఈ కులపాయన ఒకాయన, ఆస్తి ఉన్నాయనే, తన బిడ్డను బడిల చేర్పించలేకపోయిండు. పైసలున్నా పలక దొరకలేదు. 1923 ఏప్రిల్‌ల ఆ జింజులనే సంఘం పుట్టింది. దాని పేరు హ్యంగ్‌ప్యంగ్‌సా. ఆ పేరుల మొదటి అక్షరానికి అర్థం త్రాసు. త్రాసు లెక్క సమానంగ ఉండే సమాజం కోసం సంఘం అని. మాంసం తూకం వేసే త్రాసునే జెండా చేసుకున్నరు, చూసిన్రా! ఏ పని చేస్తరని ఊరు వాళ్లను వెలేసిందో, ఆ పనిముట్టునే న్యాయానికి గుర్తు చేసుకున్నరు. మనోళ్ల డప్పు యాదికొస్తలేదా?

ఊరు ఊకున్నదా? ఊకోలేదు. జింజుల ఎదురు ఊరేగింపులు తీసిన్రు. ఈ కులపోళ్ల దగ్గర మాంసం కొనొద్దని కట్టడి చేసిన్రు. 1925ల యేచన్ అనే ఊర్ల సంఘం మీద గుంపుగ వచ్చి దాడి చేసిన్రు. 1985ల కారంచేడును, 1991ల చుండూరును చూసిన మనకు ఇది వేరే దేశం కథ లెక్క అనిపించదు. చుండూరుల కూడా ముందు వచ్చింది సాంఘిక బహిష్కరణే. కూలి బందు చేసుడు, మాంసం కొనుడు బందు చేసుడు, రెండూ ఒకే కత్తికి రెండు అంచులు.

ఆ సంఘం 1935 దాకా నడిచింది. తర్వాత పేరూ మారింది, పదునూ పోయింది. అటెనుక యుద్ధం వచ్చింది, ఊర్లు చెదిరినయి, జనం పట్నాలకు పోయిన్రు, ఎవరు ఏ కులపోళ్లో చెప్పే పాత లెక్కలు మాయమైనయి. ఇయ్యాల కొరియాల మాంసం తినేటోన్ని "మీరేంటోళ్లు?" అని అడిగేటోడు లేడు. ఒకప్పుడు తిట్టుగ ఉన్న ఆ కులం పేరును మాంసం హోటళ్లకు బోర్డుగ పెట్టుకుంటున్నరు.

అంటే తేడా మాంసంల లేదు. మా బిడ్డ స్నేహితురాలు చెప్పిన 'వేరే' అక్కడ లేదు. కొరియా వాళ్లు తింటే సంస్కృతి, మనం తింటే అపచారం అనే కండ్లల్ల ఉన్నది ఆ తేడా. పెనుకొండ దగ్గర 2019 నుంచి కొరియా కంపెనీ కార్లు తయారు చేస్తున్నది. ఆ కంపెనీ వచ్చినప్పుడు కొరియా అధికార్లు ఏం తింటరని ఎవరన్నా అడిగిన్రా? అడిగి భూములియ్యమన్నరా? ఎర్ర తివాచీ పరిచిన్రు. బర్రె మాంసాన్ని పరాయి దేశాలకు అమ్మే దేశాలల్ల మన దేశం ముందు వరసల ఉన్నది. ఓడల పోయే మాంసానికి అంటు లేదు. మన గిన్నెల పడితేనే అంటు!

బాబాసాహెబ్ ఏమన్నడు?

ఇక్కడ మనోళ్లే కొందరు ఒక ప్రశ్న వేస్తరు. "అంబేడ్కరే మానుమన్నడు గదా?" అని. సగం తెలిసిన మాట ఇది. 1927 మార్చిల మహద్ సభల ఆయన మానుమన్నది చచ్చిన పశువు మాంసాన్ని. ఊరు వెట్టిగ ఈడ్పించి, కూలికి బదులు పడేసిన మాంసాన్ని. అది కూడు కాదు, సంకెల. ఆ సంకెల తెంపుమన్నడు. 1948ల 'ది అన్‌టచబుల్స్' అనే పుస్తకంల అంటరానితనం పుట్టుకకూ గొడ్డు మాంసానికీ ఉన్న సంబంధం చెప్పింది కూడా ఆయనే. ఒకనాడు అందరూ తిన్నదే, కొందరు మానేసి దాన్ని పవిత్రం చేసిన్రు, మానలేని పేదోళ్లను అంటరానోళ్లను చేసిన్రు అని ఆయన వాదన. మన పైసలు పెట్టి, లైసెన్సు దుకాణంల, త్రాసు ముందర నిలబడి కొనుక్కునే అర్ధకిలో ఖీమా ఆ వెట్టి కూడు కాదు.

అట్లని అందరూ తినాలె అని మేం అనం. మనలనే మానేసినోళ్లున్నరు. వాళ్ల ఇష్టం వాళ్లది. తినుడు విప్లవం కాదు, మానుడు ద్రోహం కాదు. భయపడి దాచుడే మన జబ్బు. 2012ల ఉస్మానియా యూనివర్సిటీల పిల్లలు పెద్దకూర పండుగ చేసినప్పుడు ఎంత గొడవైందో చూసినం. 2015ల దాద్రిల ఇంట్ల మాంసం ఉన్నదని ఒక ముసల్మాను పెద్దమనిషిని కొట్టి చంపిన్రు. 2016ల ఉనాల చచ్చిన ఆవు తోలు తీసిన దళిత పిల్లలను బండికి కట్టి కొట్టిన్రు. కాబట్టి మా బిడ్డ భయం ఉత్త భయం కాదని మాకు తెలుసు. ఆమెను తప్పు పట్టం.

ఏం చెయ్యాలె?

సెలవులు అయిపోయి హాస్టలుకు పోయే రోజు మా ఇంటామె అడిగింది, "డబ్బాల పెట్టనా బిడ్డా?" అని. మా బిడ్డ చాలాసేపు చూసింది. "ఈసారి వద్దమ్మా" అన్నది. మేం బలవంతం చెయ్యలేదు. ఆరుగురున్న గదిల ఒక్క పిల్ల, ఒక్క డబ్బా. పెద్దోళ్లం మేం ఇరవై ఏండ్లు మొయ్యలేని బరువును ఆ పిల్ల నెత్తిన పెట్టుడు ధైర్యం కాదు, పిరికితనం.

ముందు పెద్దోళ్లం మొయ్యాలె. ఉద్యోగాలొచ్చిన మన అన్నలు, అక్కలు టౌన్లల్ల మూసుకున్న కిటికీలు తెరవాలె. ఇల్లు కిరాయికియ్యనంటే ఒక్కరు పోయి బతిమాలుడు కాదు, పదిమంది పోయి అడగాలె. మన సంఘాల సభలల్ల కూడా "అందరూ తింటరు గదా" అని పప్పు, సాంబారే పెడుతున్నం. ఆ 'అందరూ' ఎవరు? పెద్దకూర గిన్నె ఒకటి, పప్పు గిన్నె ఒకటి పక్కపక్కన పెడదాం. ఎవరికిష్టమైంది వాళ్లు తింటరు. ఒకే బంతిల కూచొని తింటరు. సమానత్వం అంటే ఒకే కూర కాదు, ఒకే బంతి.

మన పిల్లలకు కొరియా పాటలొస్తయి, నటుల పేర్లొస్తయి. జింజు కథ కూడా రావాలె. బడిల చేర్చుకోలేదని లేచి త్రాసును జెండా చేసుకున్న మాంసం కొట్టేటోళ్ల కథ రావాలె. అప్పుడు ఇంకోసారి ఎవరన్నా "వాళ్లది వేరే" అంటే, మన బిడ్డ "చికెన్" అనదు. "కూచో, చెప్తా" అంటది.

అందాక మేం ఆదివారం ఆదివారం కిటికీ తెరిచే వండుతం. వాసన బయటికి పోతది. పోనీయండి.

జై భీం!